ఖరగ్‌పూరున తెలుగు అక్షరకూర్పు: లినక్సుపై చెడిన టెక్ స్థాపనను చక్కదిద్దు క్రమము

1. సమస్యా స్వరూపము

ఖరగ్‌పూరు పశ్చిమబెంగాల్ రాష్ట్రమున, హౌరాకు పడమట సుమారు 115 కిలోమీటర్ల దూరమున నున్న రైల్వే పట్టణము. పందొమ్మిదవ శతాబ్ది చివరి యేండ్లలో బెంగాల్ నాగపూర్ రైల్వే యిచ్చట జంక్షనును, దాని ననుసరించి పెద్ద కర్మాగారమును నెలకొల్పెను. తూర్పుతీరపు రైలుమార్గము విశాఖపట్టణ, శ్రీకాకుళ ప్రాంతములను ఈ పట్టణముతో కలిపిన పిదప తెలుగువా రనేకులు ఉద్యోగములకై తరలివచ్చి యిచ్చటనే స్థిరపడిరి. 1951లో దేశమునందలి మొదటి భారతీయ సాంకేతిక విద్యాసంస్థ యీ పట్టణపు టంచుననే, హిజ్లీ నిర్బంధశిబిరపు భవనమున ఆరంభమయ్యెను. 2020 డిసెంబరులో పశ్చిమబెంగాల్ మంత్రివర్గము తెలుగునకు అధికారభాషా ప్రతిపత్తి నొసగుట కామోదించినది. ఇట్లు వంగదేశమున తెలుగు చిరకాలముగ నిలిచియున్న స్థానములలో ఖరగ్‌పూరు ముఖ్యమైనది.

ఇట్టి పట్టణమునందలి భాషావ్యవహారమును పరిశోధించువారు తమ వ్యాసములలో తెలుగు, వంగ, దేవనాగరి, రోమను లిపులు నాలుగింటిని ఒకే పుటపై కూర్పవలసివచ్చును. అందుకు విద్వాంసులు విశేషముగ వాడు సాధనము టెక్. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయపు ఆచార్యుడు డొనాల్డ్ కనూత్ 1977లో తన గ్రంథపు ప్రూఫులలోని కూర్పు నాసిగా నుండుట చూచి దీని నిర్మాణమునకు పూనుకొనెను. 1978లో తొలిరూపము వెలువడెను. 1980ల దశకమున లెస్లీ లాంపోర్ట్ దానిపై లాటెక్ అను సులభరూపమును నిర్మించెను. టెక్‌ను, దాని యనుబంధములను ఒకచో చేర్చి యిచ్చు సంపుటి టెక్‌లైవ్. 1991లో లైనస్ టోర్వాల్డ్స్ ఆరంభించిన లినక్సువలెనే యిదియు ఎవరైనను వెల లేక పొందదగినది.

ఈ స్థాపన చెడినప్పుడు పలువురు చేయు మొదటి పని అంతయు తుడిచివేసి మరల స్థాపించుట. ఈ పద్ధతి మూడు విధముల నష్టకరము. టెక్‌లైవ్ సంపూర్ణరూపము పలు గిగాబైట్ల పరిమాణము గలది. మరల దింపుకొనుటకు కాలవ్యయ మధికము. దోషకారణము తెలియకపోవుటచే అది మరల సంభవింపవచ్చును. అన్నిటికంటె ముఖ్యముగ, కొన్ని దోషములకు మూలము వాడుకరి స్వంత ఫోల్డరులో నుండును. అట్టివి పునఃస్థాపనచే తొలగవు. కావున దోషమెచ్చట నున్నదో నిర్ణయింపక చికిత్సకు పూనుకొనరాదు.

2. శ్రీరామపురపు దృష్టాంతము

వంగదేశమున తెలుగు అక్షరకూర్పు కొత్త విషయము కాదు. హుగ్లీ తీరమున శ్రీరామపురమునందలి మిషను ముద్రాలయమున విలియం కేరీ రచించిన తెలుగు వ్యాకరణము 1814లో అచ్చయ్యెను. అంతకు రెండేండ్ల క్రితము, 1812 మార్చి 11వ తేదీన, ఆ ముద్రాలయము అగ్నిప్రమాదమున దగ్ధమయ్యెను. పోతపోసిన అక్షరములు కరగి లోహపు ముద్దలయ్యెను. వ్రాతప్రతులు కాలిపోయెను. అయినను అక్షరముల పోతకు మూలమైన ఉక్కు పంచులు, మాత్రికలు బూడిదలో చెడక దొరకెను. కరగిన లోహమునే మరల పోతపోసి, కొలది నెలలలోనే ముద్రణమును పునరారంభించిరి. వ్రాతప్రతులను మాత్ర మట్లు పోతపోయుటకు వీలు లేకపోయెను. వానిని మరల వ్రాయవలసివచ్చెను.

ఈ దృష్టాంతమున మూడు తరగతుల వస్తువులు కనబడుచున్నవి. పోత అక్షరములు మూలమునుండి ఎన్నిమారులైనను పుట్టింపదగినవి. పంచులు వానికి మూలము. వ్రాతప్రతి యొక్కటే సాటిలేనిది. కంప్యూటరునందలి టెక్ స్థాపనలోను ఈ మూడు తరగతులే కలవు. ఏది యే తరగతిలోనిదో తెలిసినచో, దేనిని నిర్భయముగ తొలగింపవచ్చునో, దేనిని తాకరాదో స్పష్టమగును.

3. పుట యేర్పడు విధము

మొదటిది పాఠము. తెలుగు పాఠము నేడు యూనికోడు సంకేతములలో నిలువ చేయబడును. 1991లో వెలువడిన యూనికోడు తొలికూర్పుననే తెలుగునకు 128 స్థానముల విభాగము కేటాయింపబడెను. దీనికి మాతృక 1988 నాటి ఇస్కీ ప్రమాణము. ఈ పద్ధతిలో అక్షరము రూపముచే గాక వర్ణక్రమముచే నిలుచును. "స్త్రీ" అను మాట సకారము, పొల్లు, తకారము, పొల్లు, రేఫము, ఈకారపు గుడి అను ఆరు సంకేతముల వరుస. ఇది వ్రాతప్రతి తరగతిలోనిది.

రెండవది యంత్రాంగము, అనగా పాఠమును చదివి పుటగ కూర్చు ప్రోగ్రాము. యూనికోడునకు తగినవి ముఖ్యముగ రెండు: జొనాథన్ క్యూ 2004లో వెలువరించిన జీటెక్ (ఎక్స్, ఈ, టెక్ అని వర్ణక్రమము), దాని తరువాత ప్రచారములోనికి వచ్చిన లువాటెక్. వీని లాటెక్ రూపములకు జీలాటెక్, లువాలాటెక్ అని పేర్లు.

మూడవది ఫార్మాటు. లాటెక్ ఆజ్ఞల సముదాయమును ప్రతిమారు చదువు శ్రమ లేకుండ ముందుగనే చదివి భద్రపరచిన ఫైలు ఇది. ఫైలు లెచ్చట నున్నవో తెలుపు సూచికయు, ఫాంటుల జాబితాయు ఇట్టివే. ఇవన్నియు పోత అక్షరముల వంటివి.

నాలుగవది ఫాంటు. ఇది పంచు తరగతిలోనిది. పోతన, వేమన, లోహిత్, నోటో, మండలి, రామభద్ర మొదలగు తెలుగు ఫాంటులు ఉచితముగ లభించుచున్నవి. ఫాంటులో అక్షరముల బొమ్మలే గాక, ఏ సంకేతముల వరుస కే రూపము నిలుపవలెనో తెలుపు నియమములును ఉండును. ఆ నియమముల ననుసరించి వత్తులను, గుణింతములను కూర్చుట ఐదవది. తెలుగున తకారపు వత్తు సకారము క్రిందికి చేరుట, వంగలిపిలో హల్లు తరువాత నిలువయైన ఏకారపు చిహ్నము హల్లునకు ముందు కనబడుట యీ దశలోనే జరుగును.

ఈ యైదింటిలో ఏది చెడినను వాడుకరికి "తెలుగు రాలేదు" అను ఒక్క ఫలితమే కనబడును. లక్షణములు మాత్రము వేరువేరు. వానిని తెలుపునది కూర్పు ముగిసినపుడు మూలఫైలు పేరుతోనే యేర్పడు లాగు ఫైలు. తెరపై దోషము కనబడినను, కనబడకున్నను దానిని చదువుట మొదటి విధి.

4. దోషస్థాన నిర్ణయము

ఈ క్రింది ఆజ్ఞల పేర్లు ఉచ్చారణము ననుసరించి తెలుగు లిపిలో చూపబడినవి. కంప్యూటరున వానిని ఆంగ్లాక్షరములలోనే టైపు చేయవలెను.

(అ) తగని యంత్రాంగము. "ఈ యూనికోడు అక్షరము లాటెక్‌లో వాడుటకు సిద్ధపరుపబడలేదు" అను అర్థముగల ఆంగ్లవాక్యము కనబడినచో స్థాపన చెడలేదు. పాత పీడీఎఫ్‌లాటెక్‌తో తెలుగు పాఠమును నడిపించుటయే దోషము. జీలాటెక్‌నో, లువాలాటెక్‌నో వాడినచో తొలగును.

(ఆ) రెండు స్థాపనల కలగాపులగము. డెబియన్, ఉబుంటు మొదలగు లినక్సు పంపిణీలు తమ ప్యాకేజీల ద్వారా టెక్‌లైవ్‌ను అందించును. టెక్ వాడుకరుల సంఘము వెలువరించు టెక్‌లైవ్‌ను నేరుగ దింపుకొనుటయు కలదు. అది సామాన్యముగ "యూఎస్ఆర్" క్రింద "లోకల్" ఫోల్డరులో, సంవత్సరపు పేర నిలుచును. ఒకే కంప్యూటరున రెండును ఉన్నచో ఒకదాని ప్రోగ్రాము మరియొకదాని ఫైళ్ల నాశ్రయింపవచ్చును. "విచ్ -ఎ జీలాటెక్" అను ఆజ్ఞ యంత్రాంగము లెన్ని యున్నవో, ఏది మొదట పిలువబడుచున్నదో తెలుపును. "కేపీఎస్ఈవిచ్" అను ఆజ్ఞ కోరిన ప్యాకేజీ ఫైలు ఎచ్చటినుండి వచ్చుచున్నదో చూపును. రెండు దారులును ఒకే వృక్షమునకు చెందనిచో కారణము దొరకినట్లే. ఒక స్థాపనను మాత్రమే యుంచుకొని, దాని దారిని "పాత్" అను అమరికలో ముందుంచవలెను. పంపిణీవారి టెక్‌లైవ్‌ను "టీఎల్ఎమ్‌జీఆర్" అను సాధనముతో నవీకరింప యత్నించుటయు ఈ కలగాపులగమునకే దారితీయును. ప్యాకేజీలుగ వచ్చినదానిని ప్యాకేజీల ద్వారానే నవీకరింపవలెను.

(ఇ) సగములో నిలిచిన స్థాపన. నవీకరణము జరుగుచుండగ విద్యుత్తు పోయినను, డిస్కు నిండినను ప్యాకేజీలు కొన్ని అమరక మిగులును. డెబియన్ వర్గమున "డీపీకేజీ --కన్ఫిగర్ -ఎ" అను ఆజ్ఞ మిగిలిన పనిని పూర్తిచేయును. దానికి ముందు "డీఎఫ్" అను ఆజ్ఞతో డిస్కున చోటు కలదేమో చూడవలెను. చోటు లేక ఆగినది చోటు లేకయే సాగదు.

(ఈ) ఫార్మాటు లోపము. "ఫార్మాటు ఫైలు కనబడలేదు" అని గాని, ఫార్మాటు వేరొక యంత్రాంగముచే సిద్ధమైనదని గాని సందేశము వచ్చినచో పోత అక్షరములు చెడినవని గ్రహింపవలెను. "ఎమ్‌కేటెక్ఎల్ఎస్ఆర్" ఫైళ్ల సూచికను, "ఎఫ్ఎమ్‌టీయుటిల్-సిస్ --ఆల్" ఫార్మాటులను మరల పుట్టించును. ఇచ్చట ఒక సూక్ష్మము కలదు. "సిస్" అనుటకు మారుగ "యూజర్" అను రూపమును ఎప్పుడైనను నడిపినచో, వాడుకరి ఫోల్డరులో వేరు ఫార్మాటులు పుట్టి వ్యవస్థలోనివానిని మరుగుపరచును. అటుపై వ్యవస్థను ఎన్నిమారులు నవీకరించినను పాత ఫార్మాటులే పిలువబడును. పునఃస్థాపనచే తొలగని దోషములలో ఇది ప్రధానము. వాడుకరి ఫోల్డరులో ".టెక్‌లైవ్" అను పేరుతో, సంవత్సరపు అంకెతో మరుగుగ నున్న ఫోల్డరును పరిశీలించి, అందు "టెక్స్‌ఎమ్ఎఫ్-వార్" అను భాగమును వేరొకచోటికి తరలించినచో చాలును. అది పోత మాత్రమే గాన నష్టము లేదు.

(ఉ) ఫాంటు దొరకకపోవుట. జీటెక్ ఫాంటులను పేరునుబట్టి వెదకుటకు లినక్సులోని ఫాంట్‌కాన్ఫిగ్ అను వ్యవస్థ నాశ్రయించును. "ఎఫ్‌సీ-లిస్ట్ :లాంగ్=టీఈ" అను ఆజ్ఞ తెలుగు గల ఫాంటులను మాత్రమే వరుసగ చూపును. జాబితా శూన్యమైనచో ఫాంటులు లేవని యర్థము. డెబియన్ వర్గమున నోటో, లోహిత్ మున్నగునవి ప్యాకేజీలుగ లభించును. విద్యాసంస్థల కంప్యూటరులలో నిర్వాహకాధికారము లేనివారు ఫాంటు ఫైలును తమ ఫోల్డరులోని ".లోకల్/షేర్/ఫాంట్స్" నందుంచి "ఎఫ్‌సీ-క్యాష్"ను నడిపినచో చాలును. ఫాంటు జాబితాలో నున్నను దొరకనిచో పేరు సరిచూడవలెను. ఫైలు పేరు వేరు, ఫాంటు పేరు వేరు. లువాటెక్ తన జాబితాను తానే యుంచుకొనును. దానిని "లువాఓటీఎఫ్‌లోడ్-టూల్ --అప్‌డేట్" అను ఆజ్ఞచే పునరుద్ధరింపవలెను.

(ఊ) నిశ్శబ్దముగ అక్షరములు లోపించుట. పరిశోధకునకు మిక్కిలి యపాయకరమైన దోష మిది. కూర్పు నిర్విఘ్నముగ ముగియును. పుటపై మాత్రము తెలుగుండవలసినచోట ఖాళీ కనబడును. ఎంచుకొన్న ఫాంటులో ఆ యక్షరము లేదని లాగు ఫైలులో "మిస్సింగ్ క్యారెక్టర్" అను పంక్తి మాత్ర ముండును. పాఠమంతయు పోయినచో కంటబడును. ఒక్క యక్షరము పోయినచో కంటబడదు. ౘ, ౙ అను దంత్యచకార జకారములు యూనికోడున 2008లోను, ఴ 2014లోను, నకారపొల్లు 2021లోను చేరినవి. అంతకు పూర్వపు ఫాంటులలో ఇవి లేకుండుట సహజము. మాండలికపదముల పట్టికలో ౘకారము మాయమైనచో పాఠకుడు వేరుపదమును చదువును. శాసనపాఠమున నకారపొల్లు మాయమైనచో విభక్తియే మారును. "ట్రేసింగ్‌లాస్ట్‌కార్స్" అను అమరికకు 3 అను విలువ నిచ్చినచో, 2021 నుండి వచ్చిన టెక్‌లైవ్‌లలో ఇట్టి లోపము దోషముగ ప్రకటింపబడును. భాషాశాస్త్ర పత్రములలో ఈ యమరికను తప్పక వాడుట మేలు.

(ఋ) వత్తులు విడిపోవుట. "స్త్రీ" అనుచోట "స్‌త్‌రీ" అని కనబడినచో పాఠము, ఫాంటు రెండును సరిగనే యున్నవి. కూర్పు నియమములు నడువలేదు. జీలాటెక్‌లో ఫాంటును ప్రకటించునపుడు "స్క్రిప్ట్=తెలుగు" అని, వంగలిపికి "స్క్రిప్ట్=బెంగాలీ" అని తెలుపవలెను. లువాలాటెక్‌లో దానికి తోడు "రెండరర్=హార్ఫ్‌బజ్" అని చేర్చవలెను; ఈ సౌకర్యము టెక్‌లైవ్ 2020 నుండి సిద్ధముగ నున్నది. అంతకు పాత స్థాపనగలవారు జీలాటెక్‌నే వాడుట మంచిది.

(ౠ) పంక్తి అంచు దాటుట. తెలుగున సంధులచే, సమాసములచే పదములు దీర్ఘములగును. పదమును పంక్తి చివర విరుచుటకు తగిన నియమములు లేనిచో అది అంచు దాటిపోవును. తెలుగునకు సంతోష్ తొట్టింగల్ రూపొందించిన పదవిచ్ఛేద నియమములు టెక్‌లైవ్‌లో కలవు గాని, చిన్న స్థాపనలలో చేరవు. "తెలుగునకు పదవిచ్ఛేద నియమములు ఎక్కింపబడలేదు" అను హెచ్చరిక లాగు ఫైలున కనబడినచో డెబియన్ వర్గమున "టెక్‌లైవ్-లాంగ్-అదర్" అను ప్యాకేజీని చేర్చవలెను. జీలాటెక్‌లో ఫార్మాటు మరల పుట్టినగాని యీ నియమములు అమలులోనికి రావు.

(ఎ) పాఠమే వేరు సంకేతములలో నుండుట. యూనికోడు వ్యాపింపకముందు అను, శ్రీలిపి మొదలగు ఫాంటులతో కంపోజు చేసిన ఫైళ్లు ఆ ఫాంటు లేనిచో అర్థరహితమైన రోమను గుర్తులుగ కనబడును. 1990ల దశకమున అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయమున వెలసిన ఆర్.టి.ఎస్. పద్ధతిలో తెలుగు రోమను అక్షరములలో వ్రాయబడెను. వీనిని యూనికోడునకు మార్చవలసినదే గాని, స్థాపనను ఎంత సవరించినను ఫలము లేదు. మార్పిడి పిదప మూలముతో సరిపోల్చుట యవశ్యము.

5. పరీక్షాపత్రము

దోషములు పెక్కు ఒక్కమారు కలసినపుడు పెద్ద గ్రంథముపై పరీక్షించుట వ్యర్థము. పది పంక్తులు మించని పత్రమొకటి యుండవలెను. అందు మొదట రోమను పంక్తి, పిదప ఒక్క తెలుగు అక్షరము, పిదప "స్త్రీ", "లక్ష్మి" వంటి సంయుక్తములు, పిదప వంగలిపిలో ఒక పంక్తి, కడపట దీర్ఘసమాసము ఉంచవలెను. రోమను పంక్తియే రాకున్న దోషము యంత్రాంగముననో, ఫార్మాటుననో కలదు. అది వచ్చి తెలుగు అక్షరము రాకున్న ఫాంటున కలదు. ఒంటి అక్షరము వచ్చి సంయుక్తము చెడిన కూర్పు నియమమున కలదు. ఇట్లు ప్రతిపంక్తియు ఒక్కొక్క దశకు సాక్షియగును.

ఈ పత్రమున ఖరగ్‌పూరు పేరే మంచి పరీక్షాపదము. గకారపు పొల్లునకు, పకారమునకు నడుమ కంటికి కనబడని విభాజక సంకేత మొకటి కలదు. అది నిలిచినచో "ఖరగ్‌పూరు" అగును. జారినచో పకారము వత్తుగ మారి "ఖరగ్పూరు" అగును. పాఠమును ఒక ప్రోగ్రామునుండి మరియొకదానికి తరలించునపుడు ఈ సంకేతము పోవుచున్నదేమో యీ పదమే పట్టియిచ్చును. మాండలికోచ్చారణమును లిపిబద్ధము చేయువారికి ఇది చిన్న విషయము కాదు.

పుట సిద్ధమైన పిదప "పీడీఎఫ్‌ఫాంట్స్" అను ఆజ్ఞచే ఫాంటులన్నియు ఫైలులోనే పొదుగబడినవో లేదో చూడవలెను. పొదుగబడనిచో మరియొక కంప్యూటరున వేరు ఫాంటు చేరి పాఠము చెడవచ్చును.

6. ఫలితార్థము

పైని చెప్పిన తొమ్మిది దోషములలో సమస్తమును తుడిచి మరల స్థాపింపవలసినది ఒక్కటియు లేదు. పోత చెడినచో మరల పోతపోయవచ్చును. పంచు లేనిచో తెచ్చి చేర్చవచ్చును. వ్రాతప్రతిని మాత్రము రక్షించుకొనవలెను. కావున పాఠమును యూనికోడునందే వ్రాసి, దానికి రెండు ప్రతులను వేరువేరు చోట్ల నుంచి, వాడిన ఫాంటు ఫైలును, టెక్‌లైవ్ సంవత్సరమును దానితోడనే భద్రపరచుట పరిశోధకుని విధి. పదేండ్లకు పిదప ఆ వ్యాసమును మరల కూర్పవలసివచ్చినపుడు ఈ మూడును తోడ్పడును.

ఖరగ్‌పూరువంటి చోట ఈ జాగ్రత్త మరింత యవసరము. స్వస్థలమునకు దూరముగ, నాలుగు లిపుల నడుమ నిలిచిన తెలుగును గూర్చి సేకరించిన మాటల పట్టికకు రెండవ ప్రతి దొరకకపోవచ్చును. చెప్పినవారు మరల చెప్పుటకు ఉండకపోవచ్చును. అట్టి పట్టికలో ఒక యక్షరము నిశ్శబ్దముగ జారిపోయినచో ఆ నష్టమును ఏ స్థాపనయు తీర్పజాలదు. లాగు ఫైలును చదువు అలవాటు స్వల్పమైనదే. ఆ యక్షరమును కాపాడునది మాత్రము అదియే.